పై వాటా, కింది వాటా

జూన్ 4

గుండుసూదికి,

కవరు మీద నా రాత చూడగానే "ఫోను ఉండగా వదినకి ఈ కాగితాల పిచ్చేమిటి" అంటావని తెలుసు. ఫోను చేస్తే ఏమవుతుందో పోయినసారి చూశాను. కరెంటాఫీసు వాడి గొంతు పెట్టి, మీటరు పీక్కుపోతున్నామని నన్ను ఏడిపించావు. హాస్టలు నిండా ఉన్న ఆడపిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే వార్డెన్‌ని నేను. ఒక్క ఆడపడుచు దగ్గర మాత్రం నా ఆటలు సాగవు. అందుకే ఇంటి సంగతులు ఏవైనా ఇకమీదట కాగితం మీదే. కాగితం మీద గొంతు మార్చలేవు కదా.

అసలు విషయం. మన వెనక వీధి మాస్టారి మేడకి పోలీసులు సీలు వేశారని పేపర్లో చదివాను. అద్దెకున్న వాళ్ళు లోపల మత్తు మాత్రలు పొట్లాలు కట్టి అమ్ముతున్నారట. పాపం, మాస్టారికి ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఇప్పుడు ఆయన మెడకి చుట్టుకుంది. నెలనెలా అద్దె వస్తోంది కదా అని ఏడాదిగా ఆ గుమ్మం తొక్కలేదట. ఇప్పుడు సొంత ఇంటి తాళం తీయించుకోవడానికి కోర్టు వరండాలో పడిగాపులు పడుతున్నాడు.

మన ఇంటి కింది వాటాలో నువ్వూ నీ కుట్టు షాపూ ఉన్నారు, సరే. పై వాటా ఖాళీగా ఉంది. నా ఉద్యోగమంతా ఆ ఇటుకల్లోనే ఉందని నీకు వేరే చెప్పాలా? రిటైరయ్యాక మీ అన్నయ్యా నేనూ తల దాచుకోవాల్సింది అక్కడే. దానికి సీలు పడితే మాకు మరో నీడ లేదు. కాబట్టి ఎవరు పడితే వాళ్ళకి ఇవ్వకు. మనిషి గుర్తింపు కార్డు చూడు. ఉద్యోగం చేస్తున్నానంటే ఆ చోటికి వెళ్ళి కనుక్కో. ఇంతకుముందు ఉన్న ఇంటి వాళ్ళతో మాట్లాడు. ఇంట్లో తప్పుడు పనులు జరిగితే ఆ రోజే ఖాళీ చెయ్యాలని ఒప్పందంలో రాయించు. మెట్ల మీద దీపం మాడిపోయి ఎన్నాళ్ళయింది? మార్పించు. ఇచ్చాక కూడా వారానికోసారి ఏదో వంకతో పైకెళ్ళి చూసి రా.

దేనితోనైనా ఆడుకో గానీ దీనితో ఆడకు.

నీ వదిన

*

జూన్ 12

వార్డెన్ వదిన గారి కళ్ళజోడుకి నమస్కారాలు.

ఎనిమిదో తరగతితో చదువు ఎగ్గొట్టిన దాన్ని, నీ ఉత్తరం చదివేసరికి పరీక్షకి కూర్చున్నట్టు చెమటలు పట్టాయి. అయినా పరీక్ష నేను రాయలేదు, పెట్టాను. విను.

మొదట బుల్లెట్ బండి మీద ఒకడు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు. పేరు అడిగేలోపే ఆరు నెలల అద్దె నా కుట్టుమిషను మీద పెట్టాడు. కుళాయి తిప్పలేదు, బాత్రూం చూడలేదు. "వెనక నుంచి వేరే దారి ఉందా?" అని మాత్రం అడిగాడు.

"ఉంది నాయనా. తిన్నగా వెళ్తే పోలీస్ స్టేషను పెరడు," అన్నాను.

డబ్బు పెట్టినప్పటికంటే తీసుకునేటప్పుడు వాడి చెయ్యి చురుగ్గా ఉంది వదినా. నిజానికి ఆ సందు చివర ఉన్నది ఇస్త్రీ బండి. అది వేరే సంగతి.

తర్వాత ఒక మొగుడూ పెళ్ళాం. మాటలు వింటే తేనె. పాత ఇంటి ఓనరు నంబరు ఇమ్మంటే టక్కున ఇచ్చారు. ఫోను చేశాను. "బంగారం లాంటి మనుషులండీ, వాళ్ళు వెళ్ళిపోతుంటే ఇంట్లో అందరం ఏడ్చాం," అన్నాడు అవతలాయన. "అలాగా అండీ, ఇంతకీ మీ ఇంట్లో బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" అన్నాను. "ఒక్క నిమిషం, మా బావని అడిగి చెబుతాను," అన్నాడు. ఆ బావ నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు! వాళ్ళూ వెళ్ళిపోయారు.

చివరికి ఒకాయన దొరికాడు. ఒంటరివాడు, నడివయసు, నోట్లో ముత్యాలున్నట్టు మాట బయటికి రాదు. మౌనస్వామి అని పేరు పెట్టాను. కంటాసుపత్రిలో కళ్ళద్దాల నంబర్లు చూస్తానన్నాడు. నీ మాట ప్రకారం ఆసుపత్రికే వెళ్ళాను. ఊరికే అడిగితే బాగుండదని చీటీ రాయించుకుని, ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. కింది వరస అక్షరాలు చదవమన్నాడు. చదవలేకపోయాను. "చదువు రాకనా, కనపడకనా?" అన్నాడు. చూశావా, నోరు తెరిస్తే నా అంతటి వాడే. ఉద్యోగం నిజమేనని తేలింది, నాకు కళ్ళజోడూ తేలింది.

పాత ఓనరమ్మకి ఫోను చేస్తే బాత్రూం తలుపు, గొళ్ళెం, దాని కిర్రుమనే చప్పుడు అన్నీ చెప్పింది. కార్డు నకలు స్టేషన్లో ఇచ్చి వచ్చాను. ఒప్పందం మీద సంతకం అయింది. మెట్ల మీద దీపం వెలుగుతోంది.

ఇంకో కబురు. నా షాపుకి ఒక సఫారీ సూటాయన పట్టుబడ్డాడు. వారం వారం బ్యాగు నిండా ప్యాంట్లు తెస్తానన్నాడు. నన్ను "డిజైనర్ గారూ" అంటాడు. నీ నోటి వెంట ఏనాడైనా ఆ మాట వచ్చిందా?

నీ పరీక్షలో ఫస్టు క్లాసు,
గుండుసూది

*

జూన్ 20

గుండుసూదికి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. (బాత్రూం తలుపు దగ్గర కొంచెం నవ్వాను.)

అయినా ఒంటరి మనిషి, మాట్లాడడు అంటే నాకు గుబులుగానే ఉంది. మాస్టారి ఇంట్లో ఉన్నవాళ్ళూ చాలా నెమ్మదస్తులని వీధంతా చెప్పిందట. హాస్టల్లో కూడా గోల చేసే పిల్లల గురించి నేను దిగులు పడను. చప్పుడు లేని గది తలుపే తడతాను. కిటికీలకి ఏమైనా అడ్డం కట్టాడా? పొద్దస్తమానం ఫ్యాన్లు తిరుగుతున్నాయా? ఘాటు వాసనలు వస్తున్నాయా? ఎవరైనా వచ్చి, కూర్చోకుండా పొట్లం పుచ్చుకుని పోతున్నారా? ఇవి చూసి రాయమంటే, నీ సఫారీ ఆయన పొగడ్తలు రాస్తావు. నీ కింది వాటా గొడవ నాకెందుకు? పై వాటా సంగతి చెప్పు.

నీ వదిన

*

జూలై 1

వదినా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నువ్వు అడిగినవన్నీ చూశాను. కిటికీలన్నిటికీ లోపలి నుంచి నల్ల కాగితం అంటించాడు. ఈగ కూడా లోపలికి తొంగి చూడలేదు. గదిలోంచి పొద్దస్తమానం గుర్రుమని మోటారు చప్పుడు. తలుపు సందులోంచి అదోరకం నీచు వాసన. మనుషులు వస్తున్నారు వదినా. కుర్రాళ్ళు, పెద్దవాళ్ళు, ఒకామె అయితే కారు దిగి వచ్చింది. ఎవరూ కూర్చోరు. వస్తారు, చిన్న ప్లాస్టిక్ సంచి జాగ్రత్తగా గుండెలకి హత్తుకుని వెళ్ళిపోతారు.

నిన్న మెట్ల మీద ఎదురుపడి, "పైన ఏం నడుస్తోంది స్వామీ?" అన్నాను. "మీకు ముందే చెప్పాల్సింది," అని తల దించుకున్నాడు.

ఇంక రాయలేను. మన ఇల్లు ఏమైపోతుందో వదినా.

నీ అభాగ్యపు ఆడపడుచు

*

జూలై 3

నా ముద్దుల వదినా,

ముందుగా మంచినీళ్ళు తాగు. మొన్నటి ఉత్తరంలో ఒక్క ముక్క అబద్ధం లేదు. చివరి ముక్క మాత్రం కావాలని దాచుకున్నాను.

అవి చేపలు!

పోట్లాట చేపలట. నెమలి ఈకల్లాంటి రెక్కలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. మౌనస్వామి వాటిని పెంచి అమ్ముతాడు. గోడల నిండా అరలు, అరల నిండా సీసాలు, సీసాకి ఒక్కటే చేప. పక్క సీసాలో ఇంకో మగ చేప కనపడితే ఒళ్ళంతా ఉబ్బించుకుని అద్దానికేసి గుద్దుకుంటుందట. అందుకని సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క అడ్డం పెట్టాడు. నిన్నూ నన్నూ వేరే ఊళ్ళలో పెట్టి మా అన్నయ్య చేసిన ఏర్పాటు కూడా ఇదే కదా.

ఎండ పడితే నీళ్ళు పాచి పడతాయని కిటికీలకి నల్ల కాగితం. నీళ్ళల్లో గాలి ఊదడానికి మోటారు. నీచు వాసన వాటి మేత. వచ్చిపోయే వాళ్ళు చేపల సరదా ఉన్నవాళ్ళు. "ముందే చెప్పాల్సింది. చేపలంటే ఎవరూ ఇల్లివ్వరని చెప్పలేదు," అని ఆయన ఏడుపు మొహం పెట్టాడు. ఎర్ర చేప ఒకటి నాకిచ్చాడు. షాపులో పెట్టాను. నన్ను చూసినప్పుడల్లా ఉబ్బుతుంది. దానికి నీ పేరే పెట్టాను.

కోపమా? ఉత్తరం చించకు, అన్నయ్యకి చూపించు.

గుండుసూది

*

జూలై 6

గుండుసూదికి,

ఒకటో తారీకు నాటి నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. పైనుంచి అతను వింటాడేమోనని ఫోను చెయ్యలేదు. మీ అన్నయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

నువ్వు భయపడకు. ఇందులో నీ తప్పేమీ లేదు, అన్నీ విచారించే ఇచ్చావు. పైకి వెళ్ళకు, అతనితో మాట్లాడకు, షాపు తలుపు ఓరగా వేసుకో. ఇంటి ఓనరుని నేను కాబట్టి మన వీధి పోలీస్ స్టేషనుకి నేనే ఫిర్యాదు రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. "నా ఇంటి మీద నాకు అనుమానంగా ఉంది, వచ్చి మొత్తం వెతకండి" అని రాసి సంతకం పెట్టాను. మాస్టారిలా చేతులు ముడుచుకుని కూర్చోను.

ఇన్నాళ్ళూ నిన్ను కసురుకున్నందుకు బాధగా ఉంది. జాగ్రత్త తల్లీ.

వదిన

*

జూలై 9

చేపల ఆడపడుచుకి,

రెండో ఉత్తరం అందింది. తల్లీ అని రాశాను కదా, ఆ మాట వెనక్కి ఇచ్చెయ్.

హాస్టలు పిల్లల ముందు బిత్తరపోయి, గంటకోసారి మంచినీళ్ళు తాగుతూ, నీ కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాను. మీ అన్నయ్య సిగ్గు లేకుండా మళ్ళీ నవ్వాడు. తోబుట్టువులిద్దరికీ ఎక్కడో ఒకే నట్టు వదులైంది.

ఇప్పుడు పోలీసులకి నా మొహం ఎలా చూపించను? కంటాసుపత్రి ఆయన పరువేం కాను? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఇంకో కాగితం రాసి పెట్టాను. "నా ఇంట్లో పైనా కిందా ఏ తప్పుడు పనీ జరగడం లేదు, అందుకు నాదీ పూచీ" అని. రేపు పొద్దున్నే నేనే వెళ్ళి పోస్టులో వేస్తాను.

నీకు ఇక ఉత్తరాలు రాయను.

ఇంటి ఓనరు

*

జూలై 15

వదినా,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. నా కత్తెర మీద ఒట్టు.

ఆదివారం పొద్దున పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు ఆడమనిషి, ఇద్దరు కానిస్టేబుళ్ళు. నన్ను పైకి తీసుకెళ్ళి నా చేత తలుపు తట్టించారు. మౌనస్వామి బనీనుతో సీసాలు కడుక్కుంటున్నాడు.

"ఇవేంటి?"

"చేపలండీ."

"ఒక్కోదానికి ఒక్కో సీసా ఎందుకు?"

"కలిపితే కొట్టుకుంటాయండీ."

"నాతో పరాచికాలా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

కిందికి వచ్చి షాపులో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను వదినా, నీకు దాచను. పైన ఒక కానిస్టేబులు నిజమో కాదో చూద్దామని మధ్యలో అట్టముక్క లాగాడట. రెండు చేపలూ ఒక్కసారి ఉబ్బేసరికి అదిరిపడి వెనక్కి అడుగేశాడు. వెనక నిండు తొట్టి. తొట్టి దొర్లింది. నీళ్ళన్నీ జలపాతంలా మెట్ల మీంచి మన గుమ్మం ముందుకి దిగాయి.

సరిగ్గా అప్పుడే సఫారీ ఆయన మనిషి బ్యాగు పట్టుకెళ్ళడానికి వచ్చాడు. పద్ధతి ఏమిటంటే, సఫారీ ఆయన తెచ్చిన బ్యాగులో పైనున్న ప్యాంటు ఒక్కటే నాకిస్తాడు, కింద అంచు మడిచి కుట్టాలి. "మిగతావి మావాళ్ళవే డిజైనర్ గారూ, వాటికి పని లేదు, అన్నీ కలిపి మా మనిషి వచ్చి పట్టుకెళ్తాడు" అంటాడు. ఆ పిలుపు చెవిన పడ్డాక ఇంకేం అడుగుతాను? బ్యాగు బల్ల కింద పెట్టేదాన్ని.

నేను బ్యాగు చేతికిస్తున్నాను. మెట్ల మీద నీళ్ళు, నీళ్ళ వెనకే బూట్లు. వాడు బూట్లు చూశాడు. బ్యాగు నా ఒళ్ళోకి గిరాటేసి పరుగందుకున్నాడు. ఆ నీళ్ళలో అడుగు వేశాడు, అంతే. వెల్లకిలా పడి జారుకుంటూ వచ్చి కానిస్టేబులు బూట్ల దగ్గర ఆగాడు. ఎవరూ పట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ బ్యాగు తిరగేసింది. పైన నేను కుట్టిన ప్యాంటు. కింద ఉన్న ప్యాంట్లకి కాళ్ళ చివర్లు కుట్టేసి ఉన్నాయి. విప్పితే మాత్రల పొట్లాలు వదినా. వెనక వీధి మాస్టారి ఇంట్లో దొరికిన సరుకే. అక్కడ సీలు పడ్డాక ఇక్కడికి చేరింది. ముందు నాకు కోపం వచ్చింది, అంత మొరటు కుట్లు ఇన్నాళ్ళూ నా బల్ల కింద ఉన్నాయా అని. ఆ తర్వాతే ఇన్‌స్పెక్టరమ్మ నా వైపు చూస్తోందని గమనించాను.

"ఎన్నాళ్ళుగా నడుస్తోంది?" అంది.

"ఆయన నన్ను డిజైనర్ అన్నప్పటి నుంచి," అన్నాను.

"పైన అద్దెకున్నాయన గురించి ఆసుపత్రి దాకా వెళ్ళి విచారించావు. ఇతని పేరేంటి? ఊరేంటి? ఎక్కడుంటాడు?"

తెలియదు. ఏమీ తెలియదు. ఆయన నడుము కొలత తప్ప.

కూర్చోబెట్టి అంతా రాయించుకుంది. సఫారీ ఆయన్ని మర్నాడే పట్టుకున్నారట. నన్ను వదిలారు. కానీ ఇల్లు వదినా, ఇల్లు! ఇన్‌స్పెక్టరమ్మ ఏమందో మాట పొల్లుపోకుండా రాస్తున్నాను. "సరుకు ఇంట్లో దొరికింది. మామూలుగా అయితే తలుపుకి సీలు వేసి వెళ్ళాలి. అయితే, సరుకు దొరక్కముందే ఇంటి ఓనరు తనంతట తను రాసింది, మొత్తం వెతకమని. తెలిసి దాచినవాళ్ళు వేరు, అనుమానం రాగానే చెప్పినవాళ్ళు వేరు. మీ వదిన ఆ మాట మీద నిలబడితే మీ ఇల్లు నిలబడుతుంది. మాట మారిస్తే నేనేం చెయ్యలేను."

అప్పుడు గుర్తొచ్చింది నీ తొమ్మిదో తారీకు ఉత్తరం. పైనా కిందా ఏ తప్పూ లేదు, నాదీ పూచీ అని రాసి పెట్టానన్నావు. అది ఇంకా స్టేషనుకి చేరలేదు. రోజూ పోస్టుమాను మన వీధి మలుపు తిరిగి స్టేషను వైపు వెళ్తుంటే నా గుండె వాడి సంచీలోనే వెళ్తోంది. ఇవాళ వాడికి మంచినీళ్ళిచ్చి, కబుర్లలో పెట్టి, సంచీలోకి తొంగి చూశాను. "కళ్ళజోడు కొత్తదా అమ్మా?" అని సంచీ చంకలో పెట్టేసుకున్నాడు.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. అన్నయ్య ఫోనుకి చేసి పోలీసులు వచ్చారన్నాను. "మళ్ళీ మొదలుపెట్టావా?" అని నవ్వి పెట్టేశాడు. నా మీద నాకే ఏడుపొచ్చింది. ఆ ఉత్తరం పోస్టులో వేశావా? ఆ ఒక్క ముక్కకి జవాబు రాయి వదినా. తిట్లు తర్వాత తీరిగ్గా రాయి, అన్నీ తింటాను.

నీ ఆడపడుచు

*

జూలై 20

గుండుసూదికి,

ఈసారి నీ మాట మీద ఊరుకోలేదు. ముందు స్టేషనుకి ఫోను చేశాను. ఇన్‌స్పెక్టరమ్మ గొంతు విన్నా నువ్వేనేమోనని, మీ స్టేషను తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా అని అడిగాను. ఆవిడ విసుక్కుంది. విసుక్కున్న తీరు చూసి నిజం మనిషేనని నమ్మాను. ఫిర్యాదు నాదేనని, దాని మీదే ఉన్నానని చెప్పాను. వచ్చి సంతకం పెట్టమంది. ఇంటికి సీలు పడదు. ఊపిరి తీసుకో.

ఇక నువ్వడిగిన ముక్క. ఆ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు.

పదో తారీకు పొద్దున పోస్టాఫీసు దాకా వెళ్ళాను. డబ్బా మూతి దాకా చెయ్యి పెట్టాను. అక్కడ ఆగిపోయాను. మొదటి ఉత్తరంలో నల్ల కాగితాలు, వాసనలు, పొట్లాలు రాశావు. రెండో ఉత్తరంలో చేపలు రాశావు. రెండిట్లో ఏది వేళాకోళం? సీసాకో చేపట, ఒకదాన్నొకటి చూస్తే ఉబ్బుతాయట, మధ్యలో అట్టముక్కలట. నల్ల కాగితాలైనా నమ్మొచ్చు గానీ ఇంతకంటే పచ్చి అబద్ధం మనిషన్నవాడు రాయగలడా అనుకున్నాను. నేను భయపడి ఏడుస్తానని జాలేసి, నన్ను ఊరడించడానికి చేపల కథ అల్లావనుకున్నాను. ఏది నిజమో పోలీసులే తేల్చనీ అని, డబ్బా ముందే నిలబడి ఆ కాగితం ముక్కలు చేశాను. నీకు ఆ సంగతి రాయలేదు, రాయనని శపథం పట్టాను కదా.

అర్థమైందా? నువ్వు జీవితంలో మొదటిసారి అచ్చంగా నిజం రాశావు. అది నేను నమ్మి ఉంటే ఇవాళ మన గుమ్మానికి సీలు ఉండేది. నిన్ను నమ్మకపోవడం వల్లే నాకు ఇల్లు మిగిలింది. దీనికి నిన్ను తిట్టాలో దండం పెట్టాలో తేలక ఈ ఉత్తరం మొదలుపెట్టి ఇప్పటికి చాలాసార్లు చింపాను.

కంటాసుపత్రి ఆయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఒలికిన తొట్టి మనమే కొనిద్దాం. ఆయన ఉన్నన్నాళ్ళు ఉండమను, చేపలతో సహా.

నీ సంగతి వేరు. పై వాటాకి కార్డులు, సంతకాలు, విచారణలు అని నీకు పాఠాలు చెప్పి, నా సొంత మనిషి ఉంది కదా అని కింది వాటా వైపు నేనే కన్నెత్తి చూడలేదు. మాస్టారిని ఏ నోటితో అన్నానో అదే పని నేనూ చేశాను. ఇకనుంచి నీ షాపులో బ్యాగు పెట్టి వెళ్ళేవాడు దేవుడైనా సరే, నిన్ను డిజైనర్ అన్నా, మహారాణి అన్నా, వాడి ముందే బ్యాగు విప్పి అట్టడుగు దాకా చూస్తావు.

చూస్తున్నావో లేదో చూడ్డానికి ఈ వారంలో వస్తున్నాను. ఏ రోజో చెప్పను. అద్దెకున్న ఆయన తలుపు తట్టే ముందు కబురు చెయ్యడం మర్యాద. ఆడపడుచుకి ఆ మర్యాద లేదు.

వదిన